చూడకపోతే రాలిపోయే వత్తులు

డీబగ్గరు అద్దం వంటిదని చాలామంది నమ్ముతారు. స్క్రిప్టు తన దారిన తాను నడుస్తూ ఉంటుందనీ, మనం అద్దంలో దాని నడకను గమనించి, తడబడిన చోట వేలుపెట్టి చూపిస్తామనీ వారి భావన. నా మటుకు నాకు డీబగ్గరు పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా కనిపిస్తుంది. ఆయన కూర్చున్న గంటసేపూ ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తరు, పిల్లలు కొట్టుకోరు, కాఫీలో పంచదార సరిగ్గా సరిపోతుంది. ఆయన గడప దాటగానే ఇల్లు మళ్ళీ మామూలు ఇల్లవుతుంది. అలాగని ఆయన చూసినది అబద్ధమనీ అనలేము. ఆయన ఉన్నంతసేపూ ఆ ఇల్లు అలాగే ఉంది మరి.

ఈ విషయం నాకు బాగా తలకెక్కింది 2016 వేసవిలో, మా పెద్దమావయ్య పుస్తకం పుణ్యమా అని. సాంకేతిక విషయాలంటే విసుక్కునే మిత్రులు భయపడనక్కర లేదు. ఈ టపాలో సాంకేతికం కొంచెమే, వత్తులే ఎక్కువ.

మావయ్య రేపల్లె దగ్గర ఒక బడిలో తెలుగు పంతులుగా పనిచేశారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మీద ఆయన ఒక నోటుబుక్కు రాసుకున్నారు. ఆ ఉప్పెన పేరెత్తగానే అందరికీ దివిసీమే గుర్తుకు వస్తుంది. అది న్యాయమే, పోయిన ప్రాణాలలో అధికభాగం అక్కడివే. మా అమ్మ పుట్టిన ఊరు కృష్ణకు ఇవతలి ఒడ్డున, రేపల్లెకు తూర్పుగా ఉంటుంది. పెనుమూడికీ పులిగడ్డకూ మధ్య వారధి లేని కాలమది. అవతలి ఊళ్ళకు ఆడపిల్లలను ఇచ్చినవారు, కూలిపనికి పడవ దాటినవారు, చుట్టపుచూపుగా వెళ్ళినవారు మా వైపు చాలామంది. వారిలో తిరిగి రానివారి పేర్లను మావయ్య తన నోటుబుక్కు చివరి పుటల్లో వరుసగా రాసిపెట్టారు. ఒక్కొక్క పేరు, పక్కన ఎవరి తాలూకు, తెలిసినంతవరకు వయసు. అంతే. ఆ పుటల్లో ఆయన ఒక్క విశేషణం కూడా వాడలేదు.

2003లో దానిని తెనాలిలో ఒక డీటీపీ సెంటరులో టైపు చేయించారు. డబ్బు కుదరక అచ్చు ఆగిపోయింది. 2015లో మావయ్య పోయారు. సంవత్సరీకం నాటికి పుస్తకం తీసుకురావాలన్నది అత్తయ్య కోరిక. తీరా చూస్తే నోటుబుక్కుకు చెదలు పట్టింది. కథనం వరకు ఎలాగో చదవవచ్చు గాని, పేర్లున్న పుటలు జల్లెడ అయ్యాయి. మిగిలింది ఒక సీడీ, అందులో ఒక టెక్స్టు ఫైలు. ఆ అక్షరాల ఖతి హార్డువేరు తాళం పెడితేనే తెరుచుకునే రకం. తాళం డీటీపీ సెంటరుతో పాటే పోయింది, సెంటరు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది.

మనలో పాతకాపులకు ఈ బాధ కొత్తది కాదు. ఒక్కొక్క పత్రికది ఒక్కొక్క ఖతి, ఆ ఖతి లేకపోతే తెరనిండా పిచ్చిగీతలు. ఫైర్‌ఫాక్సులో పద్మ తగిలించుకుని ఆ గీతలు తెలుగుగా మారుతుంటే కళ్ళు విప్పార్చి చూసిన రోజులు, 2006లో వీవెన్ గారి లేఖిని దొరికాక ఇక టైపు చేయడమే పనిగా పెట్టుకున్న రోజులు ఎవరు మరిచిపోతారు? ఆ పాత ఖతులలో దాచిపెట్టేది అక్షరాన్ని కాదు, అక్షరపు బొమ్మను. ‘మ్మి’ అని రాయాలంటే ముందు ‘మి’ బొమ్మ, తర్వాత మ వత్తు బొమ్మ. యూనికోడులో వరుస వేరు: మ, పొల్లు, మరో మ, ఆ తర్వాతే గుడి. అంటే మార్పిడి చేసేవాడు ప్రతి వత్తునూ పట్టుకుని, పట్టికలో వెతికి, ఏ హల్లుదో తేల్చి, గుణింతపు గుర్తుకు ముందుకు నెట్టాలి. తెలుగు మార్పిడిలో కష్టమంతా వత్తులదే.

బాపట్లలో ఇంజనీరింగు చదివిన రోజుల్లో నా గదిలో ఉన్న మిత్రుడు సరిగ్గా అదే ఖతికి ఒక పెర్ల్ స్క్రిప్టు రాసి ఉంచుకున్నాడు. అతను ఇప్పటికీ బాపట్లలోనే పాఠాలు చెప్పుకుంటున్నాడు. అడగగానే పంపించాడు. రేపల్లెలో అత్తయ్య ఇంట్లో కూర్చుని దానిని నడిపించాను. పుస్తకం తెలుగులో లేచి నిలబడింది. మొదటి పుట చదువుతుంటే మావయ్య గొంతు వినిపించింది. రెండో పుటకు వచ్చేసరికి ఆ గొంతుకు నత్తి వచ్చింది. ‘అప్పుడు’ కాస్తా ‘అపుడు’ అయింది. సరే, కవులు అలాగే అంటారు. ‘గట్టు’ ‘గటు’ అయింది. ‘సుబ్బమ్మ’ ఒకచోట సరిగ్గా ఉంది, నాలుగు వరుసల కింద ‘సుబ్బమ’ అయింది. మళ్ళీ నడిపిస్తే ‘గట్టు’ బాగుపడింది, ‘అన్నం’ ‘అనం’ అయింది. ఎన్నిసార్లు నడిపిస్తే అన్ని రకాలుగా వత్తులు రాలుతున్నాయి.

కథనంలో వత్తు రాలితే చదివేవారు సర్దుకుంటారు. పేర్ల పుటల్లో రాలితే ఎవరు సర్దుతారు? మన ఊళ్ళ పేర్లలో వత్తు లేని పేరు ఎన్ని? అప్పయ్య, సుబ్బయ్య, వెంకన్న, లక్ష్మమ్మ. నలభై ఏళ్ళ క్రితం నీటిలో పోయిన మనిషికి ఈ లోకంలో మిగిలిన ఆనవాలు ఆ నాలుగు అక్షరాలే కావచ్చు.

డీబగ్గరు తెరిచాను. పెర్ల్‌కు డీబగ్గరు దానితోపాటే వస్తుంది, వేరే కొనుక్కోనక్కర లేదు. వత్తును వెతికే సబ్‌రొటీను గుమ్మంలో ఒక బ్రేక్‌పాయింటు పెట్టి, ఆగిన ప్రతిసారీ వత్తుల పట్టికను తెరమీద పరచమని చెప్పాను. పట్టిక సరిగ్గా ఉందో లేదో తెలియాలి కదా! ఒక పేరా మొత్తం అలా అడుగడుగునా ఆపుతూ నడిపించాను. ఒక్క వత్తు పోలేదు. డీబగ్గరు మూసి అదే పేరా నడిపిస్తే మూడు పోయాయి. మళ్ళీ తెరిస్తే ఏమీ పోలేదు. రాత్రి పదకొండు గంటలకు అత్తయ్య వచ్చి, “కరెంటు పోయేలా ఉంది, ఇంకా కానీలేదా నాయనా?” అని అడిగితే, “చూస్తుంటే బాగానే ఉంటోంది అత్తయ్యా, చూడకపోతే పాడవుతోంది,” అన్నాను. ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. పాలు కూడా అంతేగా అంది.

ఈ జాతి దోషాలకు చాలాకాలంగా ఒక పేరుంది, హైజెన్‌బగ్ అని. టాండెం కంపెనీలో పనిచేస్తుండగా జిమ్ గ్రే 1985లో రాసిన ప్రసిద్ధమైన నివేదికలో ఈ మాట కనిపిస్తుంది. కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయి అన్నది దాని విషయం. ఎన్నిసార్లు నడిపించినా ఒకే చోట విరిగేవి బోర్‌బగ్గులు, పట్టుకోబోతే జారిపోయేవి హైజెన్‌బగ్గులు. భౌతికశాస్త్రం చదివినవారు ఇక్కడ ముఖం చిట్లిస్తారు. హైజెన్‌బర్గ్ 1927లో చెప్పిన అనిశ్చితి సూత్రం వేరు, చూడడం వల్ల చూడబడేది మారడం వేరు. వారి మాట నిజమే గాని, పేరు స్థిరపడిపోయింది.

డీబగ్గరు నడకను మార్చే మార్గాలు చాలానే ఉన్నాయి. అందరికీ తెలిసినది కాలం. బ్రేక్‌పాయింటు దగ్గర మనం కాఫీ తాగేలోపల, రెండు పనులలో వెనకబడినది ముందుదాన్ని అందుకుంటుంది, పోటీ వల్ల వచ్చిన తప్పు మాయమవుతుంది. లినక్సులో జీడీబీ కింద నడిచే ప్రోగ్రాముకు మెమొరీ చిరునామాలను చెల్లాచెదరు చేసే రక్షణ మామూలుగా ఆపివేయబడుతుంది. కాబట్టి చిరునామా మారితేనే బయటపడే తప్పు అక్కడ బయటపడదు. జావాస్క్రిప్టు రాసిన పాతవారెవరూ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 8, 9 పెట్టిన బాధను మరిచిపోలేరు. కన్సోలు అనే వస్తువు ఆ బ్రౌజర్లలో డెవలపరు టూల్సు తెరిస్తేనే పుట్టేది. స్క్రిప్టులో ఎక్కడో కన్సోలుకు రాసే ఒక్క లైను మిగిలిపోతే, వాడుకరి దగ్గర పేజీ చచ్చేది. ఎందుకు చచ్చిందో చూద్దామని ఎఫ్12 నొక్కి మళ్ళీ తెరవగానే చక్కగా బతికేది. 2022 జూన్‌లో మైక్రోసాఫ్టు ఆ బ్రౌజరుకు వీడ్కోలు చెప్పినప్పుడు నేను కన్నీరు పెట్టుకోలేదు.

వీటిలో ఏదీ నా స్క్రిప్టుకు అతకలేదు. అది ఒంటరిగా నడిచేది, దానికి ఎవరితోనూ పోటీ లేదు. చిరునామాలతో పెర్ల్ స్క్రిప్టుకు పని లేదు. బ్రౌజరు ఊసే లేదు.

మర్నాడు ముద్రణ సంగతి మాట్లాడడానికి తెనాలి బయలుదేరాను. రేపల్లె నుంచి తెనాలికి పోయే ఆ చిన్న రైలుమార్గం ఎక్కినవారికి తెలుసు, దానికి తొందర ఉండదు. నా చేతిలో పది కాగితాలున్నాయి, అవే పేర్ల పుటలు పదిసార్లు నడిపించి తీసిన ప్రతులు. భట్టిప్రోలు స్టేషను వచ్చింది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలోంచి తీసిన ధాతుపేటికల మీద, రెండువేల ఏళ్ళు దాటిన అక్షరాలు ఈనాటికీ చదవడానికి వీలుగా ఉన్నాయి. నా చేతిలో పదమూడేళ్ళ నాటి అక్షరాలు రాలిపోతున్నాయి. ఆ ఉక్రోషంతోనే కాబోలు, పది కాగితాలనూ వరుసగా పరిచి పేరు పేరునా పోల్చడం మొదలుపెట్టాను.

వేమూరు దాటే లోపల ఒక సంగతి తేలింది. సుబ్బమ్మ పదింటిలో ఆరుసార్లు సరిగ్గా వచ్చింది. వెంకన్న అయిదుసార్లు. లక్ష్మమ్మ ఒక్కసారి కూడా రాలేదు. ఒక కాగితంలో లక్షమ్మ, మరొకదానిలో లక్ష్మమ. కథనంలో కూడా అంతే, ‘అమ్మమ్మ’ అన్న మాట ఎక్కడ ఉన్నా ‘అమ్మమ’ అవుతుంది, లేదా ‘అమమ్మ’ అవుతుంది. రెండు వత్తులూ ఎన్నడూ బతకవు, రెండూ ఎన్నడూ చావవు. కచ్చితంగా ఒకటే మిగులుతుంది. ఈ ఖతిలో క్ష ఒకే బొమ్మ, కనుక లక్ష్మమ్మలో వరుసగా వచ్చే వత్తులు రెండూ మ వత్తులే. అమ్మమ్మలోనూ అంతే. ఒకే వత్తు వెంటవెంటనే రెండుసార్లు వస్తే ఒకటి తప్పక పోతుంది. తక్కినవన్నీ అదృష్టం మీద ఉన్నాయి, ఇది మాత్రం నియమం. హైజెన్‌బగ్‌లో బోర్‌బగ్ తోక దొరికింది.

కారణం చెప్పడానికి బడి హాజరుపట్టీ చాలు. ఒక గుమాస్తా ఉన్నాడు. పేరు చెబితే పట్టీలో వేలు పెట్టి పైనుంచి వెతుకుతాడు. దొరకగానే సమాధానం చెప్పి, వేలు అక్కడే ఉంచి కూర్చుంటాడు. మరో పేరు అడిగితే పైనుంచి కాక, వేలు ఉన్నచోటి నుంచి కిందికి వెతుకుతాడు. ఆ పేరు కింద ఉంటే సరే. పైన ఉంటే? పట్టీ చివరిదాకా పోయి, “లేరండీ,” అని చెప్పి, అప్పుడు వేలు పైకి తెచ్చుకుంటాడు. పెర్ల్‌లో ఈచ్ అన్న ఆదేశం సరిగ్గా ఇలాంటి గుమాస్తా. వెతుకులాట మధ్యలో దొరికిందని బయటికి వచ్చేస్తే, వేలు పట్టిక దగ్గరే ఉండిపోతుంది. మ వత్తు దొరికాక వెంటనే మళ్ళీ మ వత్తునే అడిగితే, అది వేలికి పైన ఉంది కనుక దొరకదు. ఒకవేళ మొదటిసారే దొరకకపోతే వేలు పైకి చేరుతుంది కనుక రెండోసారి తప్పక దొరుకుతుంది. అందుకే లక్ష్మమ్మకు ఎప్పుడూ ఒకటే వత్తు. 2013లో వచ్చిన 5.18 నుంచి పెర్ల్ ఇంకో పని కూడా చేస్తుంది. భద్రత కోసం పట్టీలోని పేర్ల వరుసను ప్రతి పరుగుకూ కలిపేస్తుంది. తక్కిన వత్తులు పూటకొక రకంగా రాలింది అందువల్ల.

మరి డీబగ్గరు దగ్గర ఎందుకు రాలలేదు? నేను ఆగిన ప్రతిసారీ పట్టీ మొత్తం చూపించమన్నాను. చూపించాలంటే డీబగ్గరు పట్టికలోని పేర్లన్నీ కీస్ అన్న ఆదేశంతో అడగాలి. కీస్ పిలిచినప్పుడల్లా గుమాస్తా వేలు మొదటికి పోతుంది. హెడ్‌మాస్టరు వచ్చి పట్టీ చూపమంటే గుమాస్తా మొదటి పుట తీస్తాడుగా, అలాగన్నమాట. ఆయన చూసి వెళ్ళగానే అడిగిన పేరు ఎవరిదైనా సరే దొరుకుతుంది. నా చూపే స్క్రిప్టును బాగుచేస్తూ వచ్చింది.

దీన్ని తేల్చుకోవడం తెనాలి ప్లాట్‌ఫారం మీద పది నిమిషాల పని. ఎన్విరాన్‌మెంటు వేరియబులు ఒకటి సున్నా చేసి వరుసను స్థిరపరిచాను. ఇప్పుడు ఎన్నిసార్లు నడిపినా అవే వత్తులు పోతాయి. డీబగ్గరు తెరిచి, అన్నిచోట్లా ఆగుతూ, పట్టికను మాత్రం చూడకుండా నడిపించాను. వత్తులు రాలాయి. పట్టిక చూశాను. రాలలేదు. తప్పు డీబగ్గరు ఉండడం వల్ల పోలేదు, పట్టిక చూడడం వల్ల పోయింది.

మిత్రుడికి ఫోన్ చేశాను. “నా దగ్గర అన్నీ సరిగ్గానే వచ్చేవి కదరా,” అన్నాడు అతను. నిజమే అయి ఉంటుంది. “నీకు పంపేముందు అక్కర్లేని ప్రింటు లైన్లు ఆపేశానంతే. తెరంతా చెత్తగా ఉందని.” ఫైలు పైకి జరిపి చూశాను. వెతికే సబ్‌రొటీనులో మొదటి లైను, ముందు ఒక గుర్తు తగిలించుకుని నిద్రపోతోంది. వెతికే ప్రతిసారీ పట్టికలో ఎన్ని వత్తులున్నాయో తెరమీద రాసే లైను అది. లెక్కపెట్టడానికి వాడింది కీసే. తన సంతృప్తి కోసం అతను పెట్టుకున్న ఆ కాపలా లైను, పాపం, ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పకుండా గుమాస్తా వేలిని పైకి జరుపుతూ వచ్చింది. అతను దాన్ని ఇల్లు తుడిచినట్టు తుడిచి నాకు పంపాడు. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. వెతకడానికి ముందు వేలిని మొదటికి తెచ్చే లైను ఒకటి, ఈసారి ఆ పనికే అని స్పష్టంగా రాసి, చేర్చాం.

చూపు బాగుచేయడం నా కథ. చూపు చంపిన కథ కూడా తెలుగుదే. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం ఐఫోన్లను కూల్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. జ, పొల్లు, ఞ, ఆపైన కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినరు, చివర దీర్ఘం, ఈ వరుసలో వస్తే దాన్ని తెరమీద గీయబోయిన అప్లికేషను అక్కడికక్కడే కూలేది. ఆ సందేశం ఫోనులో ఉన్నంతమాత్రాన ప్రమాదం లేదు, దాన్ని చూపించబోతేనే ప్రమాదం. అదే గీత యంత్రాంగం మీద ఆధారపడ్డ ఏ ఉపకరణంతో పరిశీలించబోయినా ఆ ఉపకరణమూ పడిపోవలసిందే. అక్షరంగా కాక అంకెలుగా మాత్రమే దాన్ని చూడాలి. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. ‘తెలుగు బగ్గు’ అని ప్రపంచమంతా నవ్వింది గాని, బెంగాలీ, దేవనాగరి కూర్పులు కొన్నింటికి కూడా అదే గతి పట్టేదని తర్వాత తేలింది. జ్ఞానంలో మొదటి అక్షరమే దొరికిందా వీళ్ళకు అని నాకు అప్పట్లో కోపం వచ్చింది.

తెనాలి నుంచి తిరిగి వచ్చాక పేర్ల పుటలు కొత్తగా తీశాను. స్క్రిప్టు మీద నాకు నమ్మకం కుదిరింది గాని, అత్తయ్య ఎదుట చదవకుండా వాటిని అచ్చుకు ఇవ్వబుద్ధి కాలేదు. రేపల్లె ఇంటి అరుగు మీద ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి కూర్చుంది. నేను ఒక్కొక్క పేరూ చదివాను, ఆవిడ ఊ కొట్టింది. కొన్ని పేర్ల దగ్గర ఊ కొట్టడానికి కొంచెం ఆలస్యం అయింది. సుబ్బమ్మ వచ్చింది, వెంకన్న వచ్చాడు, లక్ష్మమ్మ రెండు వత్తులతో వచ్చింది. దాని కింది వరుసలో లక్షమ్మ అని ఉంది.

నేను ఆగాను. సీడీలోని అసలు ఫైలు తెరిచి ఆ చోట ఉన్న అంకెలు చూశాను. అక్కడ ఒకటే మ వత్తు. టైపు చేసినవారి చేతిలో పోయిందేమోనని, “ఇది కూడా లక్ష్మమ్మేనా అత్తయ్యా? దిద్దమంటారా?” అని అడిగాను.

“దిద్దకు,” అంది అత్తయ్య. “అది లక్షమ్మే. లక్ష్మమ్మ తోడికోడలు. పెద్దదాన్ని పురిటికి చూడబోతోందని, పిల్లల్ని ఎత్తుకోవడానికి సాయం వెళ్ళింది. ఇద్దరూ ఒకే పడవ దాటారు.”

పుస్తకం సంవత్సరీకానికి వారం ముందు అచ్చయి వచ్చింది. అప్పుడు గుంటూరు జిల్లా అని వేశాము, 2022లో రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. ఆ రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి, ఒకదానికి రెండు మ వత్తులు, రెండోదానికి ఒకటి.